మూడో వరస

ఉపవాసం వల్లే పడిపోయిందని డాక్టరుకి చెప్పింది ఏసుపాదమే. ఆయన అడక్కముందే చెప్పాడు. ఇవాళ గుడ్‌ఫ్రైడే, నిన్న రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, మా సంఘంలో పెద్దవాళ్ళందరం ఇంతే, మూడింటికి యేసు సిలువ మీద పలికిన ఏడో మాట అయ్యేదాకా ఏమీ తినం, అని తనకొచ్చిన ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పేశాడు. ఆ కుర్ర డాక్టరు ఇలాంటి భక్తి ఎప్పుడూ చూడనట్టు కళ్ళు పెద్దవి చేసి, సరేనని దీనమ్మ చేతికి గ్లూకోజు పెట్టించి, అరగంటలో లేచి కూర్చుంటుంది, మీరు బయట ఉండండి అన్నాడు. అరగంట గంటయింది, గంట గంటన్నరైంది. గోడ గడియారంలో రెండూ పది. రక్తంలో చక్కెర చూస్తే మామూలుగానే ఉందిట, బీపీ కూడా పర్లేదుట, మరి మనిషి ఎందుకు లేవడం లేదంటే నర్సు కాగితాల్లోకి చూసింది. ఎమర్జెన్సీ బయట నారింజరంగు ప్లాస్టిక్ కుర్చీలో, చర్చికి వేసుకొచ్చిన తెల్లచొక్కాలోనే, కోటు ఎక్కడ వదిలేశాడో కూడా గుర్తులేకుండా కూర్చున్నాడు ఏసుపాదం. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో నల్లగానే ఉండే ఆ చేతుల్ని ఎవరివో చూస్తున్నట్టు చూస్తున్నాడు.

ముందు పడింది పాటల పుస్తకం. ఆడవాళ్ళు కుడివైపు, మగవాళ్ళు ఎడమవైపు, పాస్టరు ఆనందబాబు అయ్యగారు మొదటి కీర్తన ఎత్తుకోగానే అందరూ లేచారు, ఆ చప్పుడులో పుస్తకం పడ్డ చప్పుడు ఏసుపాదానికి ఒక్కడికే ఎందుకు వినిపించిందో. తిరిగి చూసేసరికి దీనమ్మ నిండు గిన్నె కింద పెట్టినంత మెల్లగా కిందికి జారిపోతోంది. అయ్యో ఉపవాసం, ఉపవాసం అని అటువైపంతా గుసగుస, అందులో కాస్త మెచ్చుకోలు కూడా ఉంది, నిజం చెప్పాలంటే వాడికీ కాస్త గర్వం తగిలింది, తన భార్య అందరికంటే నిష్ఠగా ఉంది మరి. సిగ్గులేని గర్వం. కానీ దీనమ్మ పదిహేనో ఏట నుంచి ఈ ఉపవాసం ఉంటోంది కదా, ఇరవై మూడేళ్ళు, ఒక్కసారి పడిందా? ఆమె నర్సు. ఈ హాస్పిటల్లోనే మూడో అంతస్తులో ఎనిమిదేళ్ళుగా డ్యూటీ, వాడి కంటే రెండేళ్ళు ముందు అమెరికా వచ్చి, జీతం కూడబెట్టి, వాణ్ణి పిలిపించుకున్న మనిషి. ఒక గుడ్‌ఫ్రైడేకి సెలవు దొరక్క రెండు షిఫ్టులు చేసింది, ఖాళీ కడుపుతో రోగుల్ని మంచం మీంచి మంచం మీదికి ఎత్తి వేసింది, ఇంటికొచ్చి చారు కాచింది. అలాంటిది ఇవాళ కీర్తన మొదటి చరణానికే పడిపోయింది. ఈ ముక్క దగ్గరికొచ్చి వాడి బుర్ర ఆగుతోంది, వెనక్కి పోయి మళ్ళీ వస్తోంది, మళ్ళీ అక్కడే ఆగుతోంది.

ఒక్కసారి లోపలికి పంపించారు ఇందాక. వెళ్ళి చూస్తే మొహం ఎంత బాగుందో. చామనఛాయ మనిషి, ఈ దేశపు చలికి ఎప్పుడూ పాలిపోయి ఉండేది, ఇవాళ పెదాలు ఎర్రగా, బుగ్గలు గులాబీరంగులో, వాళ్ళ పెళ్ళిఫోటోకి స్టూడియోవాడు రంగులద్దినట్టు. అమ్మయ్య, రక్తం పడుతోంది, గ్లూకోజు పనిచేస్తోంది అనుకున్నాడు. చేయి పట్టుకుంటే కళ్ళు తెరిచింది, వాడి మొహంలోకి చూసింది, గుర్తుపట్టలేదు. "బస్సొచ్చిందా అండీ?" అంది, ఎవరో దారినపోయేవాణ్ణి అడిగినట్టు మర్యాదగా. అడిగి మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఏ బస్సు, ఏ ఊరు బస్సు, ఎక్కడ నిలబడి ఉంది ఈ మనిషి? అప్పట్నుంచీ వాడి చెవుల్లో ఆ బస్సు మాటే.

బస్సులంటే వాడికి గుడివాడ షెడ్డు. పంతొమ్మిదో ఏట చేరాడు, తొమ్మిదేళ్ళు అక్కడే, నరసింహ మేస్త్రీ కింద. బస్సొచ్చి ఆగితే మేస్త్రీ ముందు ముట్టుకోడు, చుట్టూ తిరుగుతాడు, వాసన చూస్తాడు, పొడుగాటి స్క్రూడ్రైవరు ఇంజను మీద ఆనించి పిడి చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. వేడి మీద ఆగుతోందా, చల్లగా ఉన్నప్పుడు ఆగుతోందా? లోడుతోనా, ఖాళీగానా? ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? డ్రైవర్లని లాయరులాగా ప్రశ్నలేసేవాడు. అన్నిటికంటే ముందు, నోట్లో బీడీ తీయకుండానే, షెడ్డంతా వినబడేట్టు ఒక కేక పెట్టేవాడు, దీంట్లో ఆఖరుగా చెయ్యి పెట్టిందెవడ్రా అని. ఆ కేకకి కుర్రాళ్ళందరూ పనిముట్లు వెతుక్కునే వంకన టైర్ల వెనక్కి పోయేవాళ్ళు, ఏసుపాదం తప్ప. వాడి పని ఎప్పుడూ తిరిగి రాలేదు. వాడి చెయ్యి పడితే బండి మాట వింటుందని మేస్త్రీయే అన్నాడు, ఆ ఒక్క మాటని పాస్‌పోర్టుతోపాటు జేబులో పెట్టుకుని వచ్చాడు వాడు, ఎల్క్ గ్రోవ్ ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు కూడా చెప్పాడు, వాళ్ళు నవ్వి ఉద్యోగం ఇచ్చారు.

ఇక్కడ వాడి బస్సు అంటే ఓడ. సంఘానికని రెండేళ్ళ కింద, ఎనభై ఒకటిలో, ఒక రైతు దగ్గర కొన్న పాత బండి, అరవై తొమ్మిదో మోడల్, ట్రక్కు మీద డబ్బా ఎక్కించినట్టు పొడుగ్గా ఉంటుంది, లోపల మూడు వరసల సీట్లు, తొమ్మిదిమందికని రాసుంటే పన్నెండుమంది తెలుగువాళ్ళు ఎక్కేవాళ్ళు. పిల్లలు బైబిల్లో జలప్రళయంనాటి నోవహు ఓడ అని పేరు పెట్టారు. షామ్‌బర్గ్ అపార్టుమెంట్ల దగ్గర కార్లు లేనివాళ్ళని, కొత్తగా వచ్చిన నర్సుల్ని, కొడుకుల దగ్గరికొచ్చిన పెద్దవాళ్ళని ఎక్కించుకుని అరగంట పైన నడిపిస్తే ఒక అమెరికన్ చర్చివాళ్ళ అద్దె హాలు వస్తుంది. ఆ బండికి లేని జబ్బు లేదు. ఎండాకాలం వేడెక్కితే పెట్రోలు గొట్టంలోనే ఆవిరై దారిలో ఆగిపోయేది, దీనమ్మ బట్టలారేసే చెక్క క్లిప్పులు ఆరు తెచ్చి గొట్టానికి పెట్టాడు, అవి వేడిని లాగేస్తాయని ఫ్యాక్టరీలో ముసలాయన చెప్తే, పెట్టాక నిజంగానే ఆగడం మానేసింది. చలికాలం ఇంజనుకి గాలి ఆపే చోక్ పలక మూసుకున్నది మూసుకున్నట్టే బిగుసుకుని నల్లపొగ కక్కేది, దానికొక పెన్సిలు అడ్డం పెట్టేవాడు. వాడు బానెట్ ఎత్తడం, అయ్యగారు వచ్చి రేడియేటరు మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేయడం, వాడు తాళం తిప్పగానే ఇంజను అందుకోవడం, జనం స్తోత్రం అనడం, ఆ స్తోత్రంలో సగం తనదేనని వాడు మీసం కింద నవ్వుకోవడం. సంఘంలో అయ్యగారి తర్వాత అంత మర్యాద ఏసుపాదానికే.

వాసన సంగతి మొదట చెప్పింది దీనమ్మే. ఫిబ్రవరిలో. మూడో వరసలో కూర్చుంటుంది ఎప్పుడూ, ఆరాధన తర్వాత భోజనాలకని ఆడవాళ్ళు చేసిన కూరగిన్నెలు ఒలక్కుండా కాళ్ళ మధ్య పట్టుకుని. వెనక పొగవాసన వస్తోందండీ, అంది. వాడు బండి కింద దూరి చూశాడు. రోడ్ల మీద చల్లే ఉప్పుకి సైలెన్సరు గొట్టం చివర తుప్పుపట్టి విరిగిపోయింది, బంపరు బయటిదాకా రావాల్సింది బండి కడుపు కిందే ఆగిపోయింది, సైలెన్సరుకి కూడా చిల్లి. నూనెడబ్బా రేకు కత్తిరించి చుట్టి, రెండు క్లాంపులు బిగించాడు. గుడివాడలో ఇలా కట్టిన బస్సులు మూడేళ్ళు తిరిగేవి. ఈస్టరయ్యాక కొత్తది వేద్దాంలే అనుకున్నాడు. ఇంకా కొంచెం వాసన ఉందండీ అంది దీనమ్మ, చేపలపులుసు వాసనతో కలిసి తల తిప్పుతోంది. ఆడవాళ్ళందరూ ఔనన్నారు. దానికేముంది, వెనక అద్దం దించితే వాసనంతా బయటికి పోతుంది అన్నాడు వాడు. తీరా డిక్కీ తలుపుకున్న ఆ పెద్ద అద్దం కదిలితేనా, మోటారుతో నడిచేది, ఎన్నేళ్ళ నుంచో పైకి బిగుసుకుపోయి ఉంది. ఒక శనివారమంతా దానిమీద పడ్డాడు. మీట తీసి గరుకు కాగితంతో రుద్దాడు, మోటారుకి నేరుగా బ్యాటరీ తగిలించి చూశాడు, మోటారు మంచిదే, చివరికి తలుపు మడతబందు దగ్గర వంగి వంగి తెగిన ఒక్క తీగ దొరికింది, అతికించి టేపు చుట్టాడు. ఆదివారం అందరి ముందూ తాళం తిప్పితే అద్దం జుయ్యిమంటూ కిందికి దిగింది. ఓడకి కిటికీ తెరిచాడు మా ఏసుపాదం అని టీచరమ్మగారు చప్పట్లు కొట్టింది, పిల్లలందరూ కొట్టారు. అది మూడు వారాల కింద.

మూడు వారాల కింద. ఎందుకు ఆగింది బుర్ర ఇక్కడ? ఆ మరుసటి ఆదివారం లూసీ వాంతి చేసుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ పక్కన మూడో వరసలో కూర్చుని, హాలు దగ్గర దిగీ దిగగానే. కార్‌సిక్ డాడీ అంది, చేపలపులుసు మూత తీసిందేమోనని తిట్టాడు. పై ఆదివారం టీచరమ్మగారు, అంటే సంఘంలోని సత్యానందం వాళ్ళ తల్లి వసంతకుమారిగారు, మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళు హెడ్మిస్ట్రెస్ చేసి రిటైరై కొడుకు దగ్గరికొచ్చిన ఆవిడ, తలనొప్పితో ప్రసంగమంతా కళ్ళు మూసుకుని కూర్చుంది. ఈస్టరు ముందు శ్రమదినాల ఉపవాసం, వయసుకి పడదు అన్నారు. ఆవేళ మోకాళ్ళు చాపుకోవడానికి వీలని ఆవిణ్ణి ఎక్కడ కూర్చోబెట్టారు? మూడో వరస. ముందు సీట్లో కూర్చున్న సత్యానందానికి ఏమీ లేదు. నడిపిన తనకి ఏమీ లేదు. రెండో వరసలో నర్సమ్మలు నలుగురు నవ్వుకుంటూ దిగారు. ఇవాళ గిన్నెలు ఎక్కువై వెనక ఇంకెవరికీ చోటు లేక దీనమ్మ ఒక్కతే కూర్చుంది, లూసీ పోట్లాడి ముందుకొచ్చి తన పక్కన కూర్చుంది. వేడి మీదా, చల్లగా ఉన్నప్పుడా? లోడుతోనా, ఖాళీగానా? ఏ వరసలో?

ఆ తెల్లగుడ్డ. ఇవాళ హాలు దగ్గర గిన్నెలు దించుతున్నప్పుడు, అన్నం గిన్నె మూతికి దీనమ్మ కట్టిన ఉతికిన తెల్లగుడ్డ, ఒకవైపు బూడిదరంగులో ఉంది. సీటు వైపు కాదు, డిక్కీ వైపు. వేలితో రాస్తే వేలు నల్లబడింది. ఏదో దుమ్ము అనుకుని ప్యాంటుకి తుడుచుకుని గిన్నె పట్టుకెళ్ళాడు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని ప్యాంటు చూసుకున్నాడు, తొడ మీద ఆ గీత అలాగే ఉంది. దుమ్ము కాదు, మసి. అద్దం దించితే పొగ బయటికి పోవాలి కదా, పోయేదైతే గుడ్డకి మసి ఎలా పట్టింది? బయటికి పోవడం లేదు. లోపలికొస్తోంది. గుడివాడ బస్సుకి రెండువైపులా కిటికీలు, వాటికి అద్దాలే లేవు, గాలి ఇటునుంచి అటు కొట్టుకుపోతుంది, ఎంత చిల్లి పడ్డ సైలెన్సరైనా ఎవడూ చావలేదు. ఇది నాలుగు పక్కలా మూసిన డబ్బా. చలికని అన్ని అద్దాలూ బిగించి, వెనక ఒక్కటే నోరు తెరిచి, యాభై మైళ్ళ వేగంతో తోలితే, బండి వెనకాల సుడి తిరిగే గాలి ఆ నోట్లోంచే లోపలికొస్తుంది, కడుపు కింద విరిగిన గొట్టం కక్కిందంతా మోసుకొస్తుంది, చోక్ బిగుసుకుని సగం కాలిన పెట్రోలు పొగ, వాసన లేని విషం, వచ్చి మొదట తగిలేది మూడో వరసకి. అద్దం బిగుసుకుని ఉన్నన్నాళ్ళూ వాసన ఒక్కటే వచ్చింది. బాగుచేశాక మనుషులు పడుతున్నారు. దీంట్లో ఆఖరుగా చెయ్యి పెట్టిందెవడ్రా? కుర్చీలోంచి లేచాడో, ఎవరైనా లేపారో, నారింజరంగు కుర్చీ వెనక్కి పడి చప్పుడైంది, హాల్లో అందరూ తిరిగి చూశారు.

గ్యాస్, గ్యాస్ అన్నాడు నర్సుతో, ఆమెకి కడుపులో గ్యాస్ అనిపించిందేమో, కూర్చోండి సర్ అంది. ట్రక్కు, ఎగ్జాస్ట్, వెనక సీటు, ముప్పై ఐదు నిమిషాలు, ఉపవాసం కాదు, నేను చెప్పింది తప్పు, నేను చెప్పింది తప్పు అని అరిచాడు. ఎగ్జాస్ట్ అన్న మాటకి ఆమె మొహం మారింది. తర్వాత తెర వెనక అంతా పరుగులే, డాక్టరు రావడం, దీనమ్మ మొహానికి ఆక్సిజన్ మాస్కు బిగించడం, ఇంకోసారి రక్తం తీయడం, ఎవరో ఆమె పెదాల రంగు చూపించి ఇంకెవరితోనో గొంతు తగ్గించి మాట్లాడటం. ఆ రంగు చూసి సంతోషపడ్డాడు తను. రక్తం పడుతోందనుకున్నాడు. విషం పట్టినవాళ్ళకి అలా మొహం వికసిస్తుందని దీనమ్మకి తెలిసే ఉంటుంది, మూడో అంతస్తులో ఎనిమిదేళ్ళు చేసిన మనిషికి తెలియకపోదు, కానీ తన మొహం తను చూసుకోలేదు కదా. రిపోర్టు వచ్చేసరికి మూడూ పన్నెండు. రక్తంలో కార్బన్ మోనాక్సైడు ఇరవై ఎనిమిది శాతం ఉందిట, మూడు గంటల కింద ఇంకెంత ఉండేదో అన్నాడు డాక్టరు. మీరు చెప్పి మంచిపని చేశారు, మెల్లగా తేరుకుంటుందనే నా నమ్మకం అని వాడి భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయకుండానే అడిగాడు, ఆ బండిలో ఇంకెవరెవరు ఉన్నారు, ఇప్పుడా బండి ఎక్కడుంది?

ఏసుపాదం అరగంటకి పైగా తెలిసి కూర్చున్నాడు. తన భార్య, తన భార్య అనుకుంటూ తెర పట్టుకుని నిలబడ్డాడు గానీ ఓడ సంగతి ఒక్కసారి గుర్తురాలేదు, ఓడలో లూసీ ఉంటుందని గుర్తురాలేదు. దీనమ్మని ఇక్కడికి తెచ్చింది అయ్యగారి చిన్న కారులో, దారిలో ఇంకో హాస్పిటల్ కనిపించినా ఆగకుండా, ఆమె పనిచేసే చోటైతే బాగా చూస్తారని. బయల్దేరుతూ ఓడ తాళాలు సత్యానందం చేతిలో పెట్టాడు. పెట్టి ఏమన్నాడు? వేలెత్తి మరీ అన్నాడు, మొత్తం సంఘం వింటుండగా అన్నాడు, వెనక అద్దం మాత్రం దించే ఉంచు బ్రదర్, మర్చిపోకు, పిల్లలకి వాసన పట్టకూడదు అన్నాడు.

హాలుకి ఫోన్ చేస్తే చాలాసేపు మోగింది. ఎత్తినవాడు ఆ చర్చి ఊడ్చే అమెరికన్ ముసలాయన, నెమ్మదిగా మాట్లాడే మనిషి, మీవాళ్ళు పది నిమిషాలైంది వెళ్ళి, అన్నం కూడా తినలేదు, గిన్నెలన్నీ బండిలోకెక్కించుకుని మీ ఆవిడని చూసి ప్రార్థన చేయడానికి హాస్పిటల్‌కే వస్తున్నారు అన్నాడు. చిన్నపిల్ల ఎక్కడ కూర్చుందో చూశారా అంటే, చూశాను, వెనకాల గిన్నెలు పట్టుకుని, వాళ్ళమ్మ పని తను చేస్తానని ఒకటే పట్టు, ముద్దొచ్చింది అన్నాడు. నర్సు వాడి చేతిలోంచి ఫోన్ తీసుకుని పోలీసులకి చెప్పింది, నీలం రంగు బండి, పాతది, వెనక అద్దం దించి ఉంటుంది, ఏ రోడ్డు మీద వస్తారో చెప్పండి సర్ అని అడిగితే వాడికి రెండేళ్ళుగా తోలుతున్న రోడ్డు పేరు రాలేదు. సత్యానందం ఏ దారిన వస్తాడో వాడికేం తెలుసు, ఇంటి నుంచి ఆఫీసుకి తప్ప డ్రైవ్ చేయడు ఆ మనిషి, నెమ్మదిగా తోలతాడు, నెమ్మదిగా తోలితే ఇంకా ఎక్కువసేపు. అరగంటలో వాళ్ళమ్మ పడింది. లూసీ బరువు వాళ్ళమ్మలో సగం లేదు.

బయట చలి కోసేస్తోంది. ఏప్రిల్ ఒకటో తారీకు, ఎక్కడా ఆకు లేదు. తెల్లచొక్కా ఒక్కటే ఒంటిమీద, పార్కింగ్ లాట్ మొదట్లో నిలబడి రోడ్డు మీద పోయే ప్రతి బండిని చూశాడు. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు, ఇన్నేళ్ళ నుంచి నోటికొచ్చిన మాటలన్నీ ఎక్కడికో పోయాయి, ఆగు, ఆగు, ఆగు అని ఒకటే మాట, దేవుడితో అంటున్నాడో బండితో అంటున్నాడో తెలియదు. దారిలో చెడిపోవాలని కోరుకున్నాడు. ఆ చెక్క క్లిప్పులు ఊడిపోనీ, పెట్రోలు ఆవిరైపోనీ, టైరు పేలనీ, తను అతికించిన ప్రతి తీగా తెగనీ, తన చెయ్యి పడ్డ ప్రతిచోటా ఆ బండి పాడైపోనీ. ఇంత గట్టిగా దేన్నీ కోరుకోలేదు ఎప్పుడూ. కానీ బండి బాగా చేశాడు కదా, అది ఆగదు, మంచిగా నడుస్తుంది. సత్యానందం స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని ఉంటాడు, నర్సమ్మలు కీర్తన పాడుతుంటారు, వెనకాల చిన్నపిల్ల తల గిన్నె మీదికి వాలుతుంది, నిద్రపోయింది పాపం అని ఎవరో శాలువ కప్పుతారు. ఆ శాలువ దగ్గరికొచ్చేసరికి ఏసుపాదం గట్టిగా కేకపెట్టాడు, కారు దిగుతున్న ఒక ముసలావిడ ఉలిక్కిపడి చూసింది.

మూడూ నలభైకి మలుపు దగ్గర కనిపించింది నీలం డబ్బా. పోలీసులెవరూ వెంట లేరు. వాడు ఎదురు పరిగెత్తాడు, సత్యానందం కంగారుపడి బ్రేకు తొక్కితే బండి అడుగు దూరంలో ఆగింది. ఏమైంది బ్రదర్, సిస్టర్‌కి ఎలా ఉంది అంటున్న సత్యానందాన్ని దాటి, నర్సమ్మల్ని దాటి, పక్క తలుపు లాగి, రెండో సీటు మడిచి లోపలికి దూరాడు. మూడో వరసలో టీచరమ్మగారు, ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని లూసీ. కళ్ళు మూసుకుని ఉంది. మీద శాలువ. వాడు రెండు చంకల కింద చేతులేసి పిల్లని ఒక్క లాగు లాగాడు, మోకాలు తలుపుకి కొట్టుకుంది, గిన్నె దొర్లి పప్పు పారింది, చలిగాలిలోకి తెచ్చి చెంపల మీద కొట్టాడు. లూసీ, లూసీ.

"ఓ, డాడీ! స్టాపిట్! నొప్పి!" అని ఏడుపు లంకించుకుంది పిల్ల. మోకాలు పట్టుకుంది. "వై ఆర్ యూ హిట్టింగ్ మీ? నేనేం చేయలేదు. వేర్ ఈజ్ మమ్మీ?"

ఏడుస్తోంది. మామూలు ఏడుపు. ఎర్రగా లేదు మొహం, చలికి పాలిపోయి ఉంది. ఒకరొకరుగా అందరూ దిగుతున్నారు, లెక్కపెట్టాడు, పదకొండుమంది, అందరూ తమ కాళ్ళ మీద తాము దిగారు. అప్పుడు చూశాడు డిక్కీ తలుపుని. అద్దం అంచుదాకా ఎక్కించి ఉంది. వాడు దాని దగ్గరికెళ్ళి చేత్తో తడిమాడు, నిజంగా మూసే ఉంది. టీచరమ్మగారు మెల్లగా దిగి, కొంగు సర్దుకుని వాడి ముందుకొచ్చి నిలబడింది. ముప్పై ఏళ్ళు పిల్లల్ని హడలగొట్టిన ఆవిడ, తప్పుచేసిన పిల్లలా చేతులు కట్టుకుంది.

"కోప్పడకు నాయనా, పిల్ల మీద చూపించకు కోపం. అద్దం దించే ఉంచాలని నువ్వు గట్టిగా చెప్పావని సత్యం మొత్తుకున్నాడు. నేనే వినలేదు. పిల్ల చలికి వణికిపోతుంటే మనసొప్పక, హాలు దగ్గరే మొండికేసి అద్దం ఎక్కించాను. నువ్వంత కష్టపడి బాగుచేసిందాన్ని మూయించినందుకు నాదే తప్పు. ఇవాళ్టి రోజున ఇది మనసులో పెట్టుకోకు. క్షమించానని నోటితో అను."

వాడు అనలేదు. మూసిన అద్దం మీద చెయ్యి అలాగే ఉంచి ఆవిడ మొహంలోకి చూశాడు.

"అనేయ్ బ్రదర్, పెద్దావిడ అడుగుతోంది," అన్నాడు సత్యానందం.

"దీనమ్మని పడగొట్టింది ఆ అద్దమే," అన్నాడు ఏసుపాదం. "దించమన్నది నేను."

ఎవరికీ అర్థం కాలేదు. టీచరమ్మగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏమన్నావు నాయనా, గాలికి వినబడలేదు అంది. లూసీ ఏడుపు ఆపి వాడి వైపే చూస్తోంది. వాడు బండి మీంచి చెయ్యి తీసి, పిల్ల కూడా వినేట్టు, మొదటినుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు.